చివరి కాగితం నా దగ్గరే

మా ఆయన షుక్రీ ఉన్నన్నాళ్లూ ఒక నవల చదివితే వారం రోజులు మా ఇంట్లో యుద్ధమే. ఆయన పోయాక కైరో మొత్తంలో నాతో పోట్లాడే మనిషి లేకుండా పోయింది.

మొన్నొక నవల చదివాను. లైట్‌హౌస్ కాపలాదారు పోయాడు, భార్య ఒంటరిగా ఉంటుంది. ఆఖర్లో ఎవరో తలుపు కొడతారు, ఆవిడ లేస్తుంది. చివరి కాగితంలో తలుపు తీసి "నువ్వా!" అంటుంది. అంతే! వచ్చిందెవరో రచయిత చెప్పడు. చచ్చిన మొగుడా? దొంగా? ఎవరితోనైనా వాదించకపోతే నా తల పగిలేలా ఉంది.

మా బిల్డింగులో చదివే అలవాటున్నది మొదటి అంతస్తు తహానీకే. నాది ఐదో అంతస్తు, లిఫ్టు లేదు. రొట్టెలైనా కూరలైనా బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దించి తెప్పించుకుంటాం కనుక ఎవరూ ఎవరి గడపా తొక్కరు. అందుకని ఒక కొంటెపని చేశాను. చివరి కాగితం ఊడదీసి దాచుకుని, పుస్తకాన్ని బుట్టలో దించాను. ఆ కాగితం కోసమైనా పైకొస్తుందని సోంపు టీకి రెండు గ్లాసులు కడిగి పెట్టుకున్నాను.

శుక్రవారం కింద నుంచి కేక వినిపించింది.

"ఇన్షిరాహక్కా, బుట్ట దించు!"

పైకి లాగితే పుస్తకం, దాని మీద రెండు కీరా దోసకాయలు.

"అయిపోయిందక్కా! భలే ఉంది!"

"అయిపోవడమేంటే? చివర్లో ఏమైంది?"

"ఏమవుద్ది? తలుపు కొట్టారు, ఆవిడ లేచింది. అక్కడికి ఆపేశాడు. పెద్ద రచయితలంతా అంతేగా, మిగతాది మనల్నే చూసుకోమంటారు!"

నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"మరి కొట్టిందెవరంటావ్?"

"అదీ ఓ ప్రశ్నేనా? పక్కింటావిడ! ఉప్పుకో దేనికో వచ్చుంటుంది. మొగుడు పోయినదాని తలుపు ఇంకెవరు కొడతారక్కా?"

నవ్వుకుంటూ లోపలికి పోయింది. షుక్రీ పోయిన నలభయ్యో రోజు పరామర్శలు దాటాక నా తలుపు ఉప్పు కోసం కూడా ఎవరూ కొట్టలేదు. ఏడుపొచ్చింది. కాగితం పట్టుకుని మెట్లన్నీ దిగి, తహానీ తలుపు కొట్టాను.

సగం తలుపు తీసి చూసింది.

"నువ్వా! ఆ మోకాళ్లతో ఇన్ని మెట్లు దిగావా? బుట్ట దించితే పోయేదిగా!"

లోపల టీవీ మోగుతోంది. తలుపు మీద చెయ్యి తియ్యలేదు.

"కొంచెం ఉప్పు కావాలే," అన్నాను.

పొట్లం కట్టి ఇచ్చింది. ఒక చేతిలో ఉప్పు, ఒక చేతిలో కాగితంతో ఆగి ఆగి పైకెక్కాను. ఆ నవల్లో వచ్చింది పక్కింటావిడే, తహానీ మాటే నిజం. కాదని వాదించడానికి షుక్రీ లేడు.