ఏడో నంబరు కుర్చీ

ఆటల పార్కు గేట్లు తొమ్మిదింటికి తెరుస్తారు. కుర్చీలక్క మాత్రం ఏడున్నరకే వచ్చేస్తుంది. చిన్న గేటు పక్కన ఉన్న రేకుల షెడ్డు ఆమెది. అందులో పన్నెండు చక్రాల కుర్చీలు. ఒక్కొక్కటీ బయటికి లాగి, తడిగుడ్డతో తుడిచి, చక్రాల్లో గాలి చూసి, బ్రేకు నొక్కి వరసగా నిలబెడుతుంది. ఏడో నంబరు కుర్చీని మాత్రం తాడుతో స్తంభానికి కడుతుంది. దానికి కాలు ఒకచోట నిలవదు. అవసరం ఉన్న మనిషి కనిపిస్తే చాలు, తనంతట తనే బయల్దేరి పోతుంది. ఓసారి టికెట్ల గుమాస్తా కళ్ళు తిరిగి పడబోతుంటే, షెడ్డులోంచి వెళ్ళి వెనకనుంచి పట్టుకుంది.

"ఏడో నంబరు మళ్ళీ పోయిందక్కా!" అని గేటు కాపలాదారు కేకేస్తే, "ఎక్కడికి పోతుందిలే. పనయ్యాక అదే వస్తుంది" అంటుంది ఆమె. అక్కడ పనిచేసేవాళ్ళకి అదొక వింత కాదు. మధ్యాహ్నం ఎండ వచ్చినట్టే.

చిన్న గేటు నడవలేనివాళ్ళ కోసం పెట్టింది. కుర్చీలో ఒకరు, తోడు ఇద్దరు. వాళ్ళు వరసలో నిలబడక్కర్లేదు. పెద్ద గేటు దగ్గర సెలవు రోజున వరస రెండు గంటలు పడుతుంది. అందుకే ఈ మధ్య సెలవు వచ్చిందంటే జనానికి కాళ్ళనొప్పులు కూడా వచ్చేస్తున్నాయి. అయినా కుర్చీలక్క ఎవర్నీ కాగితాలు అడగదు. "నొప్పి మొహం మీద రాసి ఉంటుందా? అబద్ధమాడే పదిమందిని పట్టుకోబోయి నిజంగా నొప్పున్న ఒక్కరిని ఏడిపిస్తే?" అంటుంది.

ఆ ఆదివారం ఓ కుటుంబం వచ్చింది. నానమ్మ, కొడుకు, కోడలు, ఎనిమిదేళ్ళ మనవరాలు. నీళ్ళ కొండ మీంచి పడవలో జారే ఆట కోసం మనవరాలు రెండేళ్ళుగా కలవరిస్తోంది. వరస తప్పించుకునే ఉపాయం నానమ్మది. "నా ముసలితనం ఇన్నాళ్ళకైనా ఒక పనికి రానీ" అని పొరుగాయన చేతికర్ర అరువు తెచ్చుకుని, వారం రోజులపాటు వంటింటికీ హాలుకీ మధ్య కుంటడం నేర్చుకుంది.

కోడలు బట్టల కొట్లో పనిచేస్తుంది. పొద్దున్నించి రాత్రిదాకా నిలబడి తానులు విప్పడం, మళ్ళీ చుట్టడం. పది రోజుల కిందట ఆమె ఎడమ పిక్క వాచింది. డాక్టరమ్మ చూసి, స్కాన్ తీయించుకోమని, ఆలస్యం చెయ్యొద్దని, అసలు నిలబడొద్దని చీటీ రాసిచ్చింది. ఆ చీటీ నాలుగు మడతలై ఆమె చేతిసంచీలోనే ఉంది. ఇంట్లో చెబితే ప్రయాణం ఆగిపోతుంది, పిల్ల మొహం వేలాడిపోతుంది. పార్కు అయ్యాక సోమవారం చూద్దాంలే అనుకుంది.

నలుగురూ షెడ్డు దగ్గరికి వస్తుండగానే ఏడో నంబరు తాడు బిగుసుకుంది. అయ్యో, ముసలావిడకి నిజంగానే అవసరం కాబోలు అనుకుంది కుర్చీలక్క.

"ఏ కాలమ్మా?"

"ఇదిగో, ఇదీ" అంటూ నానమ్మ ఎడమ మోకాలు పట్టుకుంది.

"నానమ్మా, ఇంట్లో కుడికాలు కదా!" అంది మనవరాలు.

"రెండూనే! నువ్వు నోర్ముయ్."

కొడుకు ఆకాశంలో ఏదో వెతుక్కున్నాడు. కుర్చీలక్క నవ్వాపుకుని తాడు విప్పింది. నానమ్మ కూర్చుంది.

"తోడు ఇద్దరేనండీ."

ఈ సంగతి వాళ్ళకి తెలీదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మీరు పదండి. నేను పెద్ద గేటు వరసలో వస్తాను" అంది కోడలు.

"రెండు గంటలు పడుతుందే!" అన్నాడు కొడుకు.

"రోజూ పది గంటలు నిలబడేదాన్ని, నాకిదెంత?" అని నవ్వి వెళ్ళిపోయింది. ఆమె కుడి చెప్పు పట్టీ మొదటి కన్నంలో ఉంది. ఎడమది ఆఖరి కన్నంలో ఉంది. అది ఎవరూ చూడలేదు.

కొడుకు కుర్చీ తోశాడు. నాలుగడుగులు వేసి కుర్చీ ఆగిపోయింది.

"బ్రేకు పడిందేమో చూడరా."

"లేదమ్మా."

ఇంతలో కుర్చీ గిర్రున వెనక్కి తిరిగింది.

"ఒరేయ్, ఎటు తోస్తున్నావురా?"

"నేను తొయ్యట్లేదమ్మా, అదే లాగుతోంది!"

"వదిలెయ్యి బాబూ, దానికేదో పనుంది" అంది కుర్చీలక్క.

అతను వదిలేశాడు. నానమ్మ కర్ర ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, పెద్ద వరస పక్కనుంచి సాగిపోయింది. "జరగండి నాయనా, జరగండి! ఎక్కడికంటే నాకూ తెలీదు!" జనం దారిచ్చారు. కొడుకు పిల్ల చెయ్యి పట్టుకుని వెనకాలే వచ్చాడు. కుర్చీ వరస మధ్యలో కోడలి వెనక ఆగి, లేగదూడ తలతో పొడిచినట్టు ఆమె మోకాళ్ళని మెల్లగా తాకింది.

కూర్చున్న మనిషికి ఎదుటివాళ్ళ కాళ్ళే ముందు కనిపిస్తాయి. తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా నానమ్మ ఆ కాలిని అంత దగ్గర్నించి ఎప్పుడూ చూడలేదు. పిక్క నున్నగా, ఎర్రగా, బిగదీసుకుపోయి ఉంది. చెయ్యి వేసి చూసింది. కాలిపోతోంది.

"ఏమిటే ఇది?"

"ఏం లేదత్తయ్యా, కొంచెం వాచింది."

"ఎన్నాళ్ళయింది?"

కోడలు సంచీలోంచి చీటీ తీసి ఇచ్చింది. నానమ్మ దాన్ని దూరంగా పెట్టి చదివింది. మళ్ళీ చదివింది.

"పది రోజులా! లేని కుంటు నేను నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని నవ్వావే! ఉన్న నొప్పి ఒక్క మాటైనా చెప్పలేదేం?"

కర్రని కమ్మీకి ఆనించి లేచి నిటారుగా నిలబడింది. వరసలో ఎవరో పకపకా నవ్వారు. "చూడండర్రా, కాళ్ళు సుబ్బరంగా ఉన్నాయి!"

"ఉన్నాయి నాయనా. సిగ్గే లేకపోయింది. అదీ ఇప్పుడే వచ్చింది" అంది నానమ్మ. ఆ నవ్వు ఆగిపోయింది. "కూర్చోవే."

"పిల్ల ఆట..."

"పిల్లతో నేను వరసలో నిలబడతాను. కూర్చోమంటున్నానా!"

"దాన్ని ఆ పడవ ఎక్కించకుండా ఇంటికి తెచ్చారో, నేను ఈ కుర్చీలోంచి లేచి వచ్చేస్తాను" అంది కోడలు. అని కూర్చుంది. కూర్చోగానే, ఎన్నేళ్ళదో తెలియని ఊపిరి ఒకటి బయటికి వచ్చింది.

కుర్చీ కొడుకు కోసం ఆగలేదు. పార్కు బయట పెద్దాసుపత్రి ఉన్న రోడ్డు పట్టింది. అతను వెనకాల పరిగెత్తాడు.

నానమ్మ, మనవరాలు రెండు గంటల పది నిమిషాలు నిలబడ్డారు. నవ్వినాయనే మధ్యలో మంచినీళ్ళ సీసా అందించాడు. మనవరాలు పడవెక్కి, తల్లి కోసం కూడా ఇంకాస్త గట్టిగా అరిచి, తడిసి ముద్దయి దిగింది. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి నానమ్మ అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతోంది.

"ఇప్పుడు ఏ కాలమ్మా?" అడిగింది కుర్చీలక్క.

"ఈసారి నిజంగానే రెండూ తల్లీ."

"ఎనిమిదో నంబరు ఖాళీగా ఉంది, ఇమ్మంటారా?"

"వద్దొద్దు. ఆ స్టూలు ఇటు జరుపు, చాలు."

అప్పుడే కొడుకు ఫోన్ చేశాడు. "పిక్కలో రక్తం గడ్డకట్టిందటమ్మా. పైకి పాకడం మొదలెట్టిందట. మందు ఎక్కిస్తున్నారు. రేపటిదాకా ఆగకుండా తెచ్చారు, అదే మంచిదయింది అన్నారు." నానమ్మ ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుంది. "దానికి దాహమేస్తుందేమో, అడుగు" అంది.

ఆ సాయంత్రం ఏడో నంబరు తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. కుర్చీలక్క రోజూ పదకొండు కుర్చీలే తుడిచి, ఆరుకీ ఎనిమిదికీ మధ్య చోటు అలాగే ఉంచింది.

"ఈసారి నిజంగానే పోయినట్టుందక్కా" అన్నాడు కాపలాదారు.

"ఇంకా పనవలేదు."

ఆరో రోజు పొద్దున్న ఆమె బకెట్లో గుడ్డ పిండుతుండగా, రోడ్డు అవతల అది కనిపించింది. ఎర్ర దీపం దగ్గర ఆగింది. పచ్చ దీపం పడ్డాక అందరితో పాటు దాటింది. షెడ్డులోకి వచ్చి తన చోట్లో నిలబడింది. చక్రాల నిండా దుమ్ము. సీటు ఖాళీ.

"ఆ అమ్మాయి నడుస్తోందన్నమాట" అంది కుర్చీలక్క. కింద చతికిలబడి ఒక్కో చక్రమే నెమ్మదిగా తుడిచింది. ఆ రోజు తాడు కట్టలేదు.