పిడుగుకు బండి భయం

కారు వెనక సీటుకు అంటుకున్న కుక్క వెంట్రుకల్ని ఆమె రోజూ తడిగుడ్డతో ఒత్తి ఒత్తి తీస్తుంది. ఒక్క వెంట్రుక మిగిలినా భర్త ఏమీ అనడు. అనకపోవడంతోనే వచ్చింది చిక్కంతా. ఇంట్లో మింగిన మాటనల్లా రోడ్డెక్కాక కాలితో అంటాడు.

"మావాడు ఆడదాని మీద చెయ్యెత్తే రకం కాదమ్మా, పెట్టి పుట్టావు" అని అత్తగారు ఇంటికొచ్చిన వాళ్లందరి ముందూ మురిసిపోతుంది. నిజమే, చెయ్యెత్తడు. యాక్సిలరేటర్ మీద కాలు దించుతాడు. కూరలో ఉప్పెక్కువైందని ఆమెకు మలుపుల దగ్గర తెలుస్తుంది. ఆఫీసులో తనకు ప్రమోషన్ రావడం ఆయనకు నచ్చలేదని లారీల పక్కనుంచి దూసుకుపోతున్నప్పుడు తెలిసింది. స్పీడు ముల్లు పైకి పాకుతుంటే 'ఏమండీ' అని కూడా పిలవదు, ఎందుకంటే మెల్లగా వెళ్లమంటే దానికీ ఆ కాలే జవాబు చెబుతుంది. ఎవరితో చెప్పుకోవాలి? దెబ్బ తగిలితే చెయ్యి చాపి చూపించవచ్చు. భయాన్ని ఎలా చూపిస్తుంది?

కుక్కది పేరుకే పిడుగు. ఆయన బండి తాళాలు తీస్తే చాలు, మంచం కింద దూరుతుంది.

ఈ ఉదయం టీకా కోసం బయలుదేరుతూ, దాని ఒంటికి తొడిగి సీటు బెల్టుకు బిగించే పట్టీని ఆమె బయటికి తీసింది. ఆయన నవ్వాడు.

"కుక్కకి బెల్టా? నా డ్రైవింగ్ మీద ఎంత నమ్మకమో! లోపల పెట్టు. నువ్వున్నావుగా, పట్టుకో."

పట్టుకుంది. రెండు చేతులూ దానికే సరిపోయాయి కనుక తన బెల్టు పెట్టుకోలేదు. పట్టీ బయటికి తీసినందుకు జవాబు మొదటి మలుపులోనే మొదలైంది. పిడుగు గుండె ఆమె అరచేతిలో దడదడలాడింది. దాన్ని ఊరడించాలంటే ముందు తను వణకడం మానాలి కదా! ఆయన ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. పిడుగు ఆమె చేతుల్లోంచి జారి ముందు సీటుకు కొట్టుకుంది. దాని వెనకే ఆమె నుదురూ తగిలింది.

"పట్టుకోవడం కూడా చేతకాదు" అన్నాడు అద్దంలో చూస్తూ.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ పిడుగు పెదవి మీది నెత్తురు తుడిచి, ఆమె నుదుటి బొప్పి వంక చూసింది.

"దీనికి బండంటే భయమా?"

"రెండూ పిరికివేనండీ" అన్నాడు ఆయన హాయిగా. "మత్తుమాత్ర ఏదైనా రాయండి."

పోయిన వారం బండి షెడ్డులో ఉంటే ఆమె అద్దె కారు పిలిచింది. పిడుగుకు పట్టీ బిగించి, తనూ బెల్టు పెట్టుకుంది. డ్రైవరు "అమ్మా, ఇల్లొచ్చింది" అని లేపాల్సి వచ్చింది. అది గుర్తొచ్చి, నోరు జారిందో, ఎన్నాళ్లుగానో నాలుక మీదే ఉందో, అనేసింది.

"బండంటే కాదండీ. మొన్న అద్దె కారులో ఇది నిద్రపోయింది. నేనూ నిద్రపోయాను."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది. ఆయన ఏమీ అనలేదు. నవ్వు చెదరకుండానే బయటికి నడిచాడు.

టీకా అయ్యి ఆమె, పిడుగు బయటికి వచ్చేసరికి ఇంజను రొద పెడుతోంది. వెనక తలుపు తెరిచి ఉంది.

"ఎక్కు. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

ఇంటిదాకా ఆగే మాట కాదది. ఎంత దూరం, ఎన్ని మలుపులో ఆమెకు తెలుసు. పిడుగు ఆమె కాళ్ల వెనక నక్కింది. తెరిచి ఉన్న తలుపును ఆమె బయటి నుంచే మూసింది.

"అనాల్సిందేదో ఇక్కడే అనండి" అంది. "నేల మీద నిలబడి వింటాను."