గేటు పలక

మాలకొండమ్మను చంపింది హోటలు యజమాని నాగరాజే. గోవిందయ్యకు అది తేలిపోయిన సంగతి.

మార్కాపురంలో నాలుగంతస్తుల హోటలు అదొక్కటే ఉన్న రోజుల నుంచి గేటు కాపలా గోవిందయ్యదే. ప్రభుత్వం మారినప్పుడల్లా హోటలు రంగు మారేది. ఓడినవాళ్ళ ఫొటోలు మెట్లకింద గదిలోకి పోయేవి, గెలిచినవాళ్ళవి గోడకెక్కేవి. మారనిది గేటు పక్కన వేలాడే పలక ఒక్కటే. పనివాళ్ళు లోపలికి పోతూ దాని మీద పేరు రాయాలి, బయటికొస్తూ చెరపాలి. దుప్పట్లు ఉతికే మాలకొండమ్మకు రాత రాదు. సున్నా చుట్టేది. కాపలా ఉన్నది మొగుడే అయినా సున్నా చుట్టకుండా లోపలికి పోయేది కాదు.

ఆ యేడు ఓట్లు లెక్కపెట్టిన రోజు మధ్యాహ్నానికే నాగరాజు పార్టీ ఓడింది. బజారులో అరుపులు దగ్గరవుతున్నాయి.

"మామా, పలక తుడిచెయ్. పేర్లు చూసి మనోళ్ళ ఇండ్ల మీదికి పోతారు," అన్నాడు నాగరాజు కారెక్కుతూ.

గోవిందయ్య తడిగుడ్డతో ఒక్క ఊపున తుడిచాడు. ఏమున్నదో చూడలేదు. పొద్దున్నే పని ముగించి ఇంటికి పోయిన భార్య, ఆయన టీకి పోయినప్పుడు మిగిలిన దుప్పట్ల కోసం మళ్ళీ వచ్చి, సున్నా చుట్టి పైకి పోయిందని ఆయనకు తెలియదు. పనివాళ్ళు వెనక వాకిలి గుండా పారిపోయారు. కాసేపటికి గుంపు పెట్టిన నిప్పుకు కింది హాలు అంటుకుంది.

ఫైరింజను వచ్చింది.

"లోపల ఎవరన్నా ఉన్నారా పెద్దాయనా?"

ముప్పై ఏళ్ళ అలవాటు. గోవిందయ్య పలక వైపు చూశాడు. నల్లగా ఉంది.

"ఎవరూ లేరు," అన్నాడు.

పొగ తగ్గాక, నాలుగో అంతస్తులో దుప్పట్ల మూటల మధ్య దొరికింది ఆమె.

ఇప్పుడు మార్కాపురం జిల్లా అయింది. హోటలుకు మళ్ళీ కొత్త రంగు. నాగరాజు కొడుకు అశోక్ ఆ పలకను చంకన పెట్టుకొని గోవిందయ్య ఇంటికొచ్చాడు.

"హోటలు చరిత్ర గోడ మీద రాపిస్తన్నాం తాతా. నీకు తెలిసినంత ఎవురికీ తెలీదంట, నాయన చెప్పినాడు. ఈ పలక గూడా మళ్ళా గేటుకు తగిలిస్తాం."

"మీ నాయన ఇప్పుడు ఏ పార్టీరా?"

"గెలిచిందే," నవ్వాడు అశోక్.

"మళ్ళా ఓడితే?"

అశోక్ నవ్వు ఆగింది. "ఆ పొద్దు సంగతి చెప్పు తాతా. లోపల ఎవురూ లేరని ఫైరోళ్ళకు చెప్పిందెవురు? నాయన ఆడ లేడు గదా."

గోవిందయ్య పలక తీసుకున్నాడు. దాన్ని గోడవైపు తిప్పి ఆనించాడు.

"చంపింది మీ నాయన. నేను చెప్పేది ఇదే కడసారి. రేపు ఆ హోటల్లో ఎవురు కాలినా సరే, ఇంక దీని గురించి నా నోట మాట రాదు. పో."