మైనం పెట్టిన పిల్లనగ్రోవి

చోడవరం కాలేజీ హాల్లో మ్యూజియం వాళ్ళు మూడు రోజుల ప్రదర్శన పెట్టారని విని, అచ్చియ్యమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కింది. అక్కడ పెట్టిన తండ్రి పిల్లనగ్రోవి కోసం విశాఖపట్నంలో వాళ్ళ ఆఫీసు చుట్టూ ఆరేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. ఎప్పుడు వెళ్ళినా సారు క్యాంపులోనే ఉండేవారు. ఇక ఓపిక లేదు, ఇదే ఆఖరు అనుకుంది.

అద్దాల పెట్టెలో దాని పక్కనే చీటీ: "వెదురు వేణువు. సుమారు ఎనభై ఏళ్ళ నాటిది. వాయించినవారు: తెలియదు." విశాఖపట్నంలో ఉండగానే మనవరాలు అశ్విని ఒకసారి చదివి వినిపించింది. చదువు రాకపోయినా ఆ "తెలియదు" ఎక్కడుందో అచ్చియ్యమ్మకి తెలుసు. చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. మాడుగుల నుంచి కె.కోటపాడు దాకా భజనల్లో వాయించిన మనిషి, తన తండ్రి! ఆయన పోయాక తమ్ముడు సత్యారావు అటక సర్దుతూ, మ్యూజియానికి పాత సామాన్లు సేకరించేవాళ్ళకి దాన్ని ఇచ్చేశాడు. పేరు చెప్పాలని వాడికి తోచలేదు, అడగాలని వాళ్ళకీ తోచలేదు.

"మీ నాన్నగారిదే అనడానికి ఆధారం ఏదైనా ఉందా మామ్మగారూ?" అంది సంగతంతా విన్న మ్యూజియం అధికారి శ్రీరంజని, మర్యాదగానే.

"సివరి బెజ్జం సూడమ్మా, మైనంతో మూసుంటాది. సిన్నప్పుడే సెరకు క్రషర్లో పడి మా అయ్యకి కుడిసేతి సివరి రెండు వేళ్ళూ పోయేయి. సిటికెనేలుతో పన్లేదు గానీ, దాని పక్కేలు పెట్టే బెజ్జం అది. తీర్థంలో ఇది కొన్న రోజే మూసేసేడు."

శ్రీరంజని పెట్టె తెరిచింది. ఆరు బెజ్జాలూ తెరిచే ఉన్నాయి.

"పోయినేడాది శుభ్రం చేయించాం. మురికి అనుకుని తీసేసి ఉంటారు," అంది మెల్లగా.

అచ్చియ్యమ్మ నిలువునా నీరుగారిపోయింది. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తుడిచేశారు. కోపం తెచ్చుకోవడానికైనా ఓపిక ఉండాలి కదా. "పోన్లేమ్మా, ఎల్తాను," అని వెనక్కి తిరిగింది.

"ఆగండి!" శ్రీరంజని టార్చి వేసి వంగి చూస్తోంది. ఐదు బెజ్జాల అంచులూ వేళ్ళ రాపిడికి నున్నగా అరిగి నల్లబడ్డాయి. ఆరోది మాత్రం నిన్న పొడిచినట్టు పదునుగా ఉంది. "దీనిమీద ఎవరూ వేలు పెట్టనేలేదు మామ్మగారూ!"

"ఎలా పెడతాడమ్మా? లేదు గదా ఆ వేలు." అచ్చియ్యమ్మ మళ్ళీ పెట్టె దగ్గరికి వచ్చింది.

"చీటీ మార్పిస్తాను. పేరు చెప్పండి."

"సెప్తాను. ముందు కుర్సీ ఎయ్యి తల్లీ, నిలబడలేను."

కూర్చుని, ఊపిరి తీసుకుని, "దాలినాయుడు" అంది. రాసింది ఎక్కడో చూపించమని, ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.