ఊపి చూసిన మూల

ప్రమీలమ్మకు మొగుడి మీద ఒకటే ఫిర్యాదు: ఎవరింటికి పోయినా కుర్చీని ఊపి చూడందే కూర్చోడు. వియ్యంకుల ఇంట్లో మంచాన్ని కూడా ఊపాడు. "నన్నొక్కదాన్నే ఊపి చూడకుండా చేసుకున్నాడు మహానుభావుడు" అంటుంది.

ఆ మహానుభావుడు యేసురత్నం, ఉదయగిరి చర్చి వెనక లేస్తున్న ఇనుప షెడ్డులో దూలం మీద కూర్చుని ఆఖరి బోల్టు బిగించాడు. అలవాటుగా స్తంభాన్ని భుజంతో నెట్టి చూశాడు. అరవై దాటిన మనిషి. ముంజేతుల నిండా వెల్డింగ్ రవ్వల మచ్చలు. మోకాళ్లు మొరాయిస్తుంటే, ఈ రోజుతో పని చాలిస్తానని మేస్త్రీ తిరుపాలుకు ముందే చెప్పేశాడు. సాయంత్రం పైకప్పు రేకులు ఎక్కాలి. ఎక్కాక, దూలాలు స్తంభాలను కలిసే ఆ మూలల వంక ఎవరూ చూడరు.

కిందికి దిగి ఇంజనీరు సురేశ్‌బాబుతో అన్నాడు: "సార్, మూల ఊగతా ఉండాది."

"బోల్టులన్నీ బిగించినారు గదా పెద్దాయనా! డ్రాయింగులో అది కదలని జాయింటు."

"బోల్టు గట్టిదే సార్. దూలాన్నీ స్తంభాన్నీ కలిపే పలక పల్చన, అది వంగతాది. తలుపు బందు మాదిరి తిరగదు, అట్టని బిగుసుకోనూ లేదు. రెండిటికీ మధ్యన ఉండాది. కొండగాలి కొడితే షెడ్డంతా ఊగతాది. కింద కూర్చునేది ఆదివారం బడి పిలకాయలు."

"ఎంత ఊగతాదో నువ్వే చెప్పు మరి."

యేసురత్నం జేబులోంచి నిలువు చూసే ఇత్తడి గుండు తీసి, దారంతో దూలం చివర వేలాడదీశాడు. దాని మొన కింద నేల మీద సుద్దతో గీత గీశాడు. స్తంభం తలకు గొలుసు వేసి, మధ్యలో ఎంత బలంగా లాగారో చూపే కాటా తగిలించి, తిరుపాలు చేత పక్కకు లాగించాడు.

"ఇంత లాగుడుకి మీ లెక్కలో ఎంత కదలాల సార్?"

"ఆరు మిల్లీమీటర్లు."

గుండు సుద్దగీతకు పద్నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఆగింది. దూలం స్తంభాన్ని తాకే చోట, పలక అంచున సన్నని వెలుతురు గీత తెరుచుకుంది. గొలుసు వదలగానే మూసుకుపోయింది.

సురేశ్‌బాబు ల్యాప్‌టాప్ పట్టుకుని చర్చి వరండాలోకి పోయాడు. మూలలు కొద్దికొద్దిగా తిరుగుతాయనుకుని మళ్లీ లెక్క వేశాడు. ఊగుడు రెండింతలు దాటింది. దూలం నడుము మీద భారమూ పెరిగింది. ప్రతి మూలలో త్రికోణపు ఉక్కు పలక అతికితే తప్ప నిలవదు.

తిరిగొచ్చేసరికి నాలుగున్నర ఆత్మకూరు బస్సు వెళ్లిపోయింది, దాంతో యేసురత్నమూ. పన్నెండు మూలల్లోనూ, ఎక్కడ అతకాలో అక్కడ, సుద్దతో త్రికోణాలు గీసి ఉన్నాయి.

"నేనింకా లెక్కే చెప్పలేదు గదయ్యా, ఎప్పుడు గీసినాడు?"

"మీరట్టా వరండాలోకి పోంగానే సార్" అన్నాడు తిరుపాలు, నవ్వు దాచుకోకుండా.

సురేశ్‌బాబు అందరికీ వినపడేలా అన్నాడు: "రేకులు ఎక్కించబాకండి. తప్పు నాదే. ఆయన చెప్పిందే కరెక్టు."

దూలం చివర ఇత్తడి గుండు, సుద్దగీత మీద మొన పెట్టుకుని, కదలకుండా వేలాడుతోంది.