నైట్ షిఫ్టు ఇల్లు

బట్టలు బండకేసి కొట్టకుండా ఉతకడం గ్లోరియాకు నెల రోజుల్లోనే చేతనైపోయింది. పిల్ల గుడ్డలు బకెట్లో నానబెట్టి, సబ్బు పూసి, రెండు అరచేతుల మధ్య పిసికి, చప్పుడు లేకుండా జాడించేది. గిన్నెలు ఒకదానికొకటి తగలకుండా బోర్లించేది. భర్త శాంతిరాజ్ నైట్ షిఫ్టు చేసి వచ్చి ముందరి గదిలో పడుకుని ఉంటాడు మరి. గిన్నెలకు చెప్పొచ్చు గాని నెల పిల్లకు ఎవరు చెబుతారు? పిల్ల నోరు తెరిస్తే చాలు, అత్త ఎలిజబెత్ వంటింటి గడపలో నిలబడి పెదవుల మీద వేలు పెట్టేది. గ్లోరియా పిల్లనెత్తుకుని దొడ్లోకి పరుగెత్తి, నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడే పాలు పట్టేది. రెండు నిమిషాలు చప్పరించి పిల్ల ఊరుకుంటే అదే పదివేలనుకునేది.

మొదట్లో ఆమె నోరు మెదపలేదు. గోదావరిఖనిలో పుట్టిన మనిషికి బొగ్గుబాయి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నిద్ర చాలని మనిషి బాయి దిగితే ఏమవుతుందో చిన్నప్పటినుంచీ వింటూనే పెరిగింది. పైగా అత్త రోజూ గుర్తు చేసేది, మామ నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకుంటే పసివాడు శాంతిరాజును సంకనేసుకుని తను చర్చి మెట్ల మీద ఎన్ని దినాలు కూర్చుందో. తాను పడ్డ కష్టం ఇంకొకరికి తప్పాలని ఈమెకు ఒక్కనాడూ అనిపించదా అనుకునేది గ్లోరియా. అసలు సంగతేమిటంటే, ఈ నెల నైట్ షిఫ్టులు ఎవరూ శాంతిరాజ్ నెత్తిన పెట్టినవి కావు. తోటివాళ్లతో మార్చుకుని అడిగి తెచ్చుకున్నవి. రాత్రంతా పిల్ల ఏడుస్తుందట, నిద్ర ఉండదట. ఆ మాట ఆమెతోనే చెప్పి నవ్వాడు కూడా. "నువ్వు ఇంట్లనే ఉంటవు గద, ఎప్పుడన్న పండుకో" అన్నాడు. వంట, ఉతుకుడు, పిల్ల, అత్త కాళ్లనొప్పుల మందు, వీటన్నిటి మధ్య ఆ ఎప్పుడన్న అనేది ఏ గంటకు వస్తుందో అతను చెప్పలేదు.

తల్లి బతికుంటే పురుటికి పుట్టింటికి పోయేది. తల్లి పోయి రెండేళ్లయింది. బాలింత నీళ్లు ఎక్కువ తాగితే పిల్లకు జలుబు చేస్తుందని అత్త పూటకో గ్లాసు వేడినీళ్లే ఇచ్చేది, అన్నంలోకి వెల్లుల్లి కారం. ఆ ఉక్కపోతకు నాలుక పిడచకట్టుకుపోయేది. పాలు చాలడం లేదని ఒకసారి అంటే, మీ అమ్మ తరఫువాళ్లకే పాలు తక్కువేమో అంది అత్త. చచ్చిపోయిన మనిషిని కూడా వదలలేదే అని గ్లోరియాకు ఒళ్లు మండింది. మండితే మాత్రం ఏం, గట్టిగా అనడానికి లేదు, అతను పడుకున్నాడు.

అంగన్‌వాడీ టీచర్ అనసూర్య ఈమె కడుపుతో ఉన్నప్పుడే పేరు రాసుకుంది. బాలింతల ఇళ్లకు వచ్చి పిల్ల బరువు చూడడం, పాలు పట్టడం నేర్పడం, తల్లి ఎలా ఉందో అడగడం ఆమె పని. ఈ నెలలో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అత్త గేటు దగ్గరే ఆపి, కొడుకు నైట్ షిఫ్టు చేసి పండుకున్నడని పంపించేసింది. ఆ మాటకు ఈ ఊళ్లో తిరుగులేదు. అప్పులవాడు కూడా సరేనని వెనక్కి పోతాడు. గ్లోరియా దొడ్లోంచి అంతా వింటూ, పిలవాలని నోటిదాకా వచ్చిన మాట మింగేది. పిల్ల చేతులు రోజురోజుకూ పుల్లల్లా అవుతున్నాయి. అది తన కళ్లకే అలా కనిపిస్తోందో, నిజమో చెప్పేవాళ్లు లేరు.

ఆ సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బాయిలు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి. శాంతిరాజ్ సాయంత్రాలు చౌరస్తాలో టెంటు కింద కూర్చుని వచ్చి, తెల్లారేదాకా టీవీ చూసి, అలవాటు ప్రకారం పగలు పడుకునేవాడు. డ్యూటీ లేదు గదా, ఇప్పుడన్నా ఇంట్లో గొంతెత్తొచ్చేమో అనుకుంది గ్లోరియా. అత్త వేలు పెదవుల మీదినుంచి దిగలేదు.

సమ్మె ఆరో రోజు పదకొండు గంటలకు అనసూర్య మళ్లీ వచ్చింది. అత్త ఎప్పటిలాగే గేటుకు అడ్డం నిలబడింది.

"కొడుకు నైట్ షిఫ్టు చేసి పండుకున్నడు బిడ్డా."

అనసూర్య ఈసారి గేటు దగ్గరినుంచి కదల్లేదు. ఆరు రోజులుగా బాయిలో బొగ్గు పెళ్ల కదలలేదని గోదావరిఖనిలో తెలియనివాళ్లు లేరు. అన్నాక అత్తకూ గుర్తొచ్చింది, కొంగు సర్దుకుంది. దొడ్లో ఉన్న గ్లోరియాకు నవ్వు రాలేదు. కోపం వచ్చింది, ముందు అత్త మీద, ఆ తర్వాత అంతకు రెండింతలు తన మీద. నెల రోజులుగా ఒక మనిషి ప్రాణం కోసం ఓర్చుకుంటున్నాననుకుంది. తీరా చూస్తే అతని నిద్ర కోసం తన పిల్లను ఎండబెట్టింది.

పిల్లనెత్తుకుని నేరుగా ముందరి గదిలోంచే నడిచి తలుపు బార్లా తీసింది. "లోపలికి రా అక్కా" అంది. అనసూర్య చెప్పులు విప్పుతూ, సెంటరుకు తాళం వేశామని, పిల్లల ఎదుగుదలకు సమ్మె లేదు గదా అని ఇలా వచ్చానని చెప్పింది.

సంచీలోంచి వేలాడే కాంటా తీసింది. తగిలించడానికి ఇంట్లో కొక్కెం లేదు, అనసూర్య పొట్టి మనిషి, చేత్తో పడితే ముల్లు నిలవడం లేదు. గ్లోరియా మంచం దగ్గరికి పోయి శాంతిరాజ్ భుజం తట్టింది.

"లే. కాంటా పట్టుకోవాలె."

అతను సణుక్కుంటూ లేచి చెయ్యెత్తి పట్టుకున్నాడు. పిల్ల ఉన్న గుడ్డ ఊగి ఊగి ఆగింది. ముల్లు రెండున్నర దగ్గర నిలబడింది. పుట్టినప్పుడు రెండు కిలోల ముప్పావు. నెలకు అరకిలో పైనే పెరగాల్సిన పిల్ల తగ్గిందని, ఈ పూటే డాక్టరుకు చూపించాలని అనసూర్య చెప్పింది. తర్వాత గ్లోరియా వైపు తిరిగి, "నీకెట్లున్నది?" అని అడిగింది. నెల రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. గ్లోరియా ఏడుస్తూనే అన్నీ చెప్పింది, డ్రమ్ము పక్కన నిలబడడం, పూటకో గ్లాసు నీళ్లు, అన్నీ. అనసూర్య ఆమెను అతను లేచిన మంచం మీదే గోడకు ఆనించి కూర్చోబెట్టి, చెంబెడు నీళ్లు తాగించి, పిల్ల నోరు పూర్తిగా పట్టేలా ఎలా ఆనించుకోవాలో చూపించింది. పిల్ల చాలాసేపు తాగింది. శాంతిరాజ్ కాంటా చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. "నాకెవ్వలు చెప్పిండ్లు" అన్నాడు మెల్లగా. గ్లోరియా పిల్లను రెండో వైపుకు మార్చుకుంది.

దవాఖానకు ఆటో పిలవడానికి అతను అంగీ తొడుక్కుంటుంటే అత్త మెత్తబడిన గొంతుతో అనసూర్యను పక్కకు పిలిచింది. ఇకనుంచి వస్తూ ఉండమంది, కాకపోతే వాడు లేచినంక, నాలుగు దాటినంక రమ్మంది.

"వద్దక్కా" అంది గ్లోరియా. "పదకొండింటికే రా. సమ్మె అయిపోయినా, ఆయన డ్యూటీ చేసొచ్చి పండుకున్నా, గదే టైముకు రా. తలుపు నేను తీస్త."