రెండుసార్లు ఒత్తిన అరిసెలు

నేను ఒక అరిసెల చెక్కను. నిజానికి ఇద్దరం. కింద చిల్లుల చెక్క, పైన పిడి ఉన్న చెక్క. విడివిడిగా ఎవరికీ పనికిరాం కాబట్టి నేను అనే చెప్పుకుంటాను. మూకుట్లోంచి తీసిన అరిసెను మా మధ్య పెట్టి ఒత్తితే, అది తాగిన నూనె చిల్లుల్లోంచి కింది గిన్నెలోకి కారిపోతుంది. వంటింట్లో తక్కిన సామానంతా తిండికి ఏదో ఒకటి చేర్చేదే. తీసేసేదాన్ని నేనొక్కదాన్నే. ఆ గర్వం నాకు చాలాకాలం ఉండేది.

రేపల్లె దగ్గర ఒక పేటలో చర్చికి బెంచీలు చేయిస్తే, మిగిలిన టేకు ముక్కతో నన్ను చేశారు. నా తోబుట్టువులు చర్చిలో ఉండి ఇప్పటికీ ప్రసంగాలు వింటున్నాయి. నాకు వంటిల్లు దక్కింది. వాటికంటే నేనే నయమనుకునేదాన్ని. ప్రసంగం మధ్యలో ఆవలించే మనుషులున్నారు కానీ, అరిసె నోట్లో పెట్టుకుని ఆవలించినవాణ్ణి నేను చూడలేదు.

మొదట దీనమ్మ చేతుల్లో పడ్డాను. నూనె మిగిలితే ఇంకో వాయి దిగుతుందని ఆమె నన్ను ఒత్తేది. ఆరోగ్యం అనే మాట ఆ వంటింట్లో ఎవరూ అనగా వినలేదు. అరిసె ముఖం చూసేదే ఏడాదికొకసారి, క్రిస్మస్‌కి. పొద్దుగూకేదాకా పొలంలో వంగి పనిచేసే ఒంటిని అది ఏం చేయగలదు?

దీనమ్మ పోయాక నేను ఆమె కోడలు సువార్తమ్మ చేతికి వచ్చాను. దీనమ్మ కొడుకు ఏలీషా పొలం పోలేదు. బస్సు డ్రైవరుగా సీట్లో కూర్చుని జీవితమంతా గడిపాడు, రిటైరయ్యేటప్పుడు షుగరు జబ్బు వెంట తెచ్చుకున్నాడు. మనిషి మాత్రం హుషారు. డిసెంబరు వచ్చిందంటే డోలక్ మెడలో వేసుకుని క్యారల్స్ పాడేవాళ్ల ముందు నడిచేది ఆయనే. ఆయన లేకపోతే పాట ఎత్తుకునేవాళ్లు ఉండేవారు కాదు.

ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. పండగకి ప్రతి ఇంటి నుంచి ప్రతి ఇంటికీ పిండివంటల పళ్లెం వెళుతుంది. వెళ్లిన పళ్లెం ఖాళీగా తిరిగి రాదు. పంపినవాళ్ల ఎదుటే ఒకటి తుంచి నోట్లో వేసుకోకపోతే వాళ్లు ముఖం ముడుచుకుంటారు, ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు. ఒకరినొకరు ప్రేమించుకోవడానికి వాళ్లు ఎంచుకున్న దారి అది. షుగరు ఉన్నవాడికి ఆ ప్రేమను తప్పించుకోవడం కష్టం.

ఒక ఏడాది పండగ ముందు ఏలీషాను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వచ్చి, ఆ డాక్టరు చెప్పినవన్నీ సువార్తమ్మ పక్కింటి ఎస్తేరుకి మూకుడు ముందు కూర్చుని చెప్పింది. పండగ మానుకోనక్కరలేదన్నాడట. సగం అరిసె నెమ్మదిగా తిని, ఆ పూట అన్నం తగ్గించమన్నాడట. తీపీ నూనే రెండూ అదుపులో పెట్టమన్నాడట. కాళ్లు రోజూ చూసుకోమన్నాడట. మంచి మాటలే. ఎక్కడా కోపం లేకుండా చెప్పిన మాటలు. కానీ మనుషులు విన్న మాటల్లోంచి చేతనైనదాన్నే ఏరుకుంటారు. తీపిని తీసేసే పనిముట్టు ఆమె దగ్గర లేదు. నూనె తీసేయడానికి నేనున్నాను.

"బెల్లమేగా ఎస్తేరూ, పంచదారైతే భయపడాలిగానీ. నూనె సంగతి నేను చూసుకుంటా," అంది.

ఆ ఏడాది నుంచి ఏలీషా అరిసెలు వేరు. అందరివీ ఒకసారి ఒత్తితే ఆయనవి రెండుసార్లు. రెండు అరచేతులూ నా పిడిమీద ఆనించి, మోకాళ్లమీద లేచి, ఒళ్లంతా బరువు వేసి ఒత్తేది. అరిసె అట్టముక్కలా అయ్యేది. దాన్ని విడిగా ఒక స్టీలు డబ్బాలో పెట్టి ఆయనకిచ్చేది.

"ఇయ్యి మీయండీ. చుక్క నూనె లేదు. భయం లేకుండా తినండి."

ఆయన భయం లేకుండానే తిన్నాడు. టీలో చక్కెర వద్దని అందరికీ వినపడేలా చెప్పి, ఆ చప్పటి టీలో అరిసె ముంచుకుని తినేవాడు. అంతకుముందు సగం తిని, చేతిలో ఉన్న తక్కిన సగాన్ని చూసి తటపటాయించి పక్కన పెట్టేవాడు. ఆ భయమే ఆయనకున్న మందు. నూనెతోపాటు దాన్ని కూడా పిండేశాం, సువార్తమ్మా నేనూ కలిసి. బెల్లం ఎక్కడికీ పోలేదు. నా చిల్లుల్లోంచి ఒక్క బొట్టు బెల్లం కూడా కారదని నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఒక క్రిస్మస్‌కి కొత్త బూట్లు కొనుక్కుని, అవి వేసుకునే క్యారల్స్‌కి వెళ్లాడు. బూటు కరిచింది. ఆయనకి తెలియలేదు. షుగరు అప్పటికే పాదంలో స్పర్శ లేకుండా చేసింది. ప్రతి గుమ్మంలో డోలక్ వాయించి, ప్రతి పళ్లెంలో తుంచి తిని, ఇంటికొచ్చి మేజోడు విప్పితే అది నెత్తుటితో తడిసి ఉంది. పుండు మానలేదు. ముందు వేళ్లు తీశారు, తర్వాత మోకాలి కిందిదాకా తీశారు.

మరుసటి డిసెంబరులో క్యారల్స్‌వాళ్లు పాట ఆయన గుమ్మంలోనే మొదలుపెట్టారు. కుర్చీలో కూర్చుని డోలక్ వాయించాడు. లోపల సువార్తమ్మ ఏడుస్తూ ఆయన అరిసెల్ని మూడుసార్లు ఒత్తింది. నాకు పగులు వచ్చింది ఆ రోజే. వద్దనలేక ఆయన అవీ తిన్నాడు. ఈస్టరు రాకముందే మూత్రపిండాలు పాడై చనిపోయాడు.

ఈ డిసెంబరులో సువార్తమ్మ మూకుడు పెట్టలేదు. ఎస్తేరు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మా పెద్దాడు గిద్యోనుకి కూడా షుగరన్నారక్కా. నువ్వు బావకి చేసినట్టు ఇడిగా ఒత్తి పెడదామని, చెక్క అడుగుదామని వచ్చా."

సువార్తమ్మ అటకమీద నుంచి నన్ను దించి, కొంగుతో దుమ్ము తుడిచింది. పగులు పొడవునా వేలితో తడిమింది. ఇప్పుడైనా చెబుతుందని నేను ఆశపడ్డాను. ఇది పనిచేయదు ఎస్తేరూ, సగమే పెట్టు, కాళ్లు చూడు అంటుందని.

"గట్టిగా ఒత్తు తల్లీ," అంది. "బూటు కరిచిన యేడు క్యారల్స్ హడావిడిలో మీ బావకి నేను సరిగా ఒత్తలేదు. అందుకే అట్టయింది."

ఆ ఏడాది ఒత్తినంత గట్టిగా ఆమె అంతకుముందు ఎన్నడూ ఒత్తలేదు. నా కన్నా బాగా ఎవరికి తెలుసు? కానీ ఆమె ఆ మాట పట్టుకునే బతుకుతోంది. దాన్ని కాదనేవాళ్లు లేరు.

ఇప్పుడు ఎస్తేరు వంటింట్లో ఉన్నాను. నూనె కాగింది, మొదటి వాయి దిగింది. ఎస్తేరు చేతులు సువార్తమ్మ చేతులకంటే బలమైనవి, పగులు పట్టించుకోకుండా ఒత్తుతోంది. నూనె బాగానే కారుతోంది. గిద్యోను పళ్లెం పట్టుకుని వచ్చి పక్కనే కూర్చున్నాడు.